కన్ను పడితే పెరిగే చర్చి

కొమురవ్వ అన్నం వండేటప్పుడల్లా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తుంది. అది దేవుని పిడికెడు. ఆదివారం ఆ డబ్బా నెత్తిన పెట్టుకుని చర్చికి పోతుంది, అక్కడ పాట ఎత్తుకునేది తనే. గడప దగ్గర మాత్రం డబ్బా దించి, నడుము వంచాలి. ఆదిలాబాద్ దాటాక, మహారాష్ట్ర సరిహద్దు ఏటి ఒడ్డున ఉన్న ఆ తెలుగోళ్ల చర్చి ద్వారం అంత పొట్టిది.

అవతలి ఒడ్డున మరాఠీవాళ్ల చర్చి అలా కాదు. ఇంటికి కన్ను తగలకుండా గుమ్మడికాయ కట్టుకుంటారు. చర్చికి కన్ను తగిలితే మాత్రం అది పెరుగుతుంది, ఆ సంగతి రెండు ఒడ్ల వాళ్లకూ తెలుసు. కొమురవ్వ పత్తిచేనుకు పోతూ ఒక్కసారి అటు చూసిందంటే మర్నాటికి దాని గోపురం జానెడు లేచేది. చూడొద్దనుకుని కొంగు మొహానికి కప్పుకునేది. కొంగు సందులోంచి చూసేది. ఏం చేస్తుంది, కడుపుమంట అలాంటిది మరి!

ఇప్పుడా మంట కొడుకు పెళ్లికి అడ్డం పడింది. భానుప్రసాద్ మనసు పడ్డ నర్మద అవతలి ఒడ్డు రుక్మాబాయి బిడ్డ. పెళ్లి తమ పెద్ద చర్చిలోనే అంది రుక్మాబాయి.

"నా కండ్లతోని పెంచిన చర్చిల నేనే పోయి కూసోవాల్నా? పెండ్లయితే మన దాంట్లనే, లేకుంటే లేదు" అని కొమురవ్వ తేల్చేసింది.

"పంతం పట్టకే అవ్వా. గిట్లయితే నర్మదకు వేరే సంబంధం జూస్తరట" అని కొడుకు బతిమాలాడు.

"చూడనియ్" అంది గానీ, ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఆదివారం ఆ ఫికర్‌లోనే నడుస్తూ, డబ్బా దించడం మరిచి తిన్నగా లోపలికి పోయింది. డబ్బా దేనికీ తగల్లేదు. వెనక్కి తిరిగి చూస్తే, ద్వారం డబ్బాకు పైన ఇంకో మూరెడుంది. వంగడం అలవాటైపోయి ఇన్నాళ్లూ ఎవరూ గమనించనే లేదు.

ఎవరో తమ చర్చిని చూసి కుళ్లుతున్నారు! కొమురవ్వ గబగబా బయటికొచ్చింది. అవతలి ఒడ్డున రాయి మీద రుక్మాబాయి కూర్చుని ఉంది, కొంగు మొహానికి కప్పుకుని. ఏట్లో మోకాలి లోతు నీళ్లే. కొమురవ్వ దాటేసింది.

"ఏం జూస్తున్నవ్ వదినే?"

రుక్మాబాయి తల దించుకుంది. "కాయ్ సాంగూ, ఏం జెప్పాలె! మా చర్చిల పాడుతే పాట పైకి పోయి ఆడనే ఉంటది. పక్కన కూసున్నోళ్లకే ఇనవడది. నువ్వు పాట ఎత్తుకుంటే ఏరు దాటి మా వంటింట్లకొస్తది. ప్రతి ఆదివారం గీడ కూసొని కుళ్లుకుంటున్న."

ఏళ్ల నాటి కడుపుమంట ఒక్కసారిగా చల్లారింది. ఆ చల్లదనం ఇంకాస్త కావాలనిపించింది కొమురవ్వకు.

"నిజంగనా? మల్లోసారి చెప్పు."

రుక్మాబాయి మళ్లీ చెప్పింది.

"పెండ్లి మా దాంట్లనే చేద్దాం వదినే. పాట నువ్వే ఎత్తుకో" అంది కొమురవ్వ. తన పాటను ఆమె ఇంకొకరికి ఇవ్వడం అదే మొదలు.

పెళ్లినాడు రుక్మాబాయి మరాఠీలో పాట ఎత్తుకుంది. మాటలు తెలియకపోయినా తెలుగోళ్లందరూ కళ్లు తుడుచుకున్నారు. తన పాటకు ఒక్కరూ ఎన్నడూ ఏడవలేదని కొమురవ్వకు గుర్తొచ్చింది. లోపల చురుక్కుమంది. నెత్తి మీది కప్పు జానెడు లేచింది.

నర్మద చెయ్యి పట్టుకుని నిలబడ్డ భానుప్రసాద్ పైకి చూసి, తల్లి వైపు చూశాడు.

"అవ్వా..."

"పెరగనియ్ కొడకా, మనదే గదా!"