ఆదివారం జలుబు

ఆమె పనంతా జబ్బు మనుషుల ముక్కు నీళ్ళతోనే. దగ్గుతో, ఆయాసంతో ఆసుపత్రుల్లో చేరినవాళ్ళ నమూనాలు సన్నటి ప్లాస్టిక్ గొట్టాల్లో ఐసు మీద వస్తాయి. వాటిని గాజుపలక మీద పరిచి, రంగు పట్టించి, మైక్రోస్కోపు కింద తెల్లకణాలు లెక్కపెట్టాలి. వైరస్ సోకిన ఎన్నో రోజున ఏ కణాలు వచ్చి చేరాయి, ఎన్ని చచ్చాయి అన్నది పదకొండేళ్ళుగా చూస్తోంది. బంధువుల్లో ఎవరు తుమ్మినా ముందు ఆమెకే ఫోన్. డాక్టరు కాకపోయినా చెల్లెలు "మా డాక్టరమ్మ" అని ఆటపట్టిస్తుంది.

చెల్లెలికి పెళ్ళయిన తొమ్మిదేళ్ళకు కొడుకు పుట్టాడు. ఏడు వారాలవాడు. ఎవరెత్తుకున్నా నుదురు ముడిచి తీర్పు చెప్పబోతున్నట్టు చూస్తాడు. అందరూ 'జడ్జిగారు' అంటారు.

ఆ ఆదివారం పొద్దున లేచేసరికి ఆమెకు గొంతులో గరగర. స్నానమయ్యాక ముక్కు కారింది. వెళ్ళకూడదని తెలుసు. కానీ పిల్లాణ్ణి చూసి రెండు వారాలైంది, మనసు ఊరుకోలేదు. ఒక మాత్ర వేసుకుని బయల్దేరింది.

తలుపు తీస్తూనే చెల్లెలు అందరినీ అడిగేదే అడిగింది. "జలుబూ గిలుబూ ఏం లేవు కదక్కా?"

"లేవే. దారిలో దుమ్ము, అంతే."

"నిన్నడగడమేంటిలే, మాకు పాఠాలు చెప్పేదే నువ్వు," అని నవ్వుతూ పిల్లాణ్ణి చేతుల్లో పెట్టింది.

మాస్కు పెట్టుకుంటే అనుమానం వస్తుందని పెట్టుకోలేదు. జడ్జిగారు నుదురు ముడిచాడు. ఆమె వాడి చెంపకు చెంప ఆనించి చాలాసేపు కూర్చుంది.

గురువారం సాయంత్రం మరిది ఫోన్ చేశాడు. "వదినా, వీడు పాలు తాగట్లేదు. ఊపిరి తీస్తుంటే డొక్కలు లోపలికి పోతున్నాయి."

ఆమె ఆసుపత్రికి చేరేసరికి పిల్లాడి ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. ఆమె మాస్కు తీయకుండా వార్డు బయటే నిలబడింది. డాక్టరు బయటికొచ్చి, వైరస్ అని చెప్పి, "పెద్దవాళ్ళకి ఇది ఉత్త జలుబు. ఇంత చిన్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. ఇంట్లో ఎవరికైనా జలుబు గానీ దగ్గు గానీ ఉందా?" అని అడిగాడు.

"మా మామగారికుంది దగ్గు," అంది చెల్లెలు. "దగ్గరికి వెళ్ళొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో! వింటేగా!"

ఆ పెద్దాయన ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైనవాడు. సిగరెట్లు మానేసినా దగ్గు పోలేదు. లేచి, వరండా చివర మెట్ల దగ్గరున్న బల్ల మీదకు పోయి కూర్చున్నాడు.

ఆమె నోరు విప్పబోయింది. మాస్కు ఇంకాస్త పైకి లాక్కుంది.

శుక్రవారం ల్యాబులో, అందరూ భోజనానికి వెళ్ళిన సమయంలో, తన ముక్కులో పుల్ల పెట్టుకుని తానే పరీక్ష చేసుకుంది. అదే వైరస్. ఫలితం రాసుకున్న కాగితం మడిచి చింపేసి చేతులు కడుక్కుంది. ఎంత కడుక్కున్నా తృప్తి కలగలేదు.

సాయంత్రం పెద్దాయన బల్ల మీద ఒక్కడే ఉన్నాడు. మూతికి చేతిరుమాలు కట్టుకున్నాడు.

"అమ్మాయ్, నువ్వు రోజూ చూసేవి ఇవే కదా. లోపల ఏం జరుగుతోందో చెప్పమ్మా."

ఆమె దూరంగా నిలబడి చెప్పింది. వైరస్ ముందు ఊపిరి గొట్టాల లోపలి పొరలో చేరుతుంది. ప్రమాదమని ఆ పొర పంపే కబురును అణిచేస్తుంది. అందువల్ల కొన్నాళ్ళు ఒంటికి ఏమీ తెలియదు. తెలిశాక తెల్లకణాలు ఒక్కసారిగా ఎగబడతాయి. వైరస్‌తో పోరాడి చస్తాయి. ఆ చచ్చిన కణాలూ జిగురూ కలిసి, పసివాడి సన్నటి గొట్టాలను పూడ్చేస్తాయి.

"అంటే, యాక్సిడెంటు దగ్గరికి సాయానికొచ్చిన జనమే అంబులెన్సుకి అడ్డం నిలబడ్డట్టు."

"అంతే, బాబాయిగారూ."

"అంటుకున్నాక ఎన్నాళ్ళకి బయటపడుతుంది?"

"నాలుగైదు రోజులు."

ఆయన వేళ్ళు మడిచాడు. "ఆదివారం. ఆ రోజు నువ్వు కూడా వచ్చావు. నేను వాడి ఉయ్యాల పక్కనే కూర్చుని దగ్గాను. నేనే అంటించానమ్మా వాడికి."

పొగ వల్ల వచ్చిన దగ్గు ఎవరికీ అంటదు. ఆ ముక్క చెప్పడానికి తన తప్పు ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. అయినా ఆమె చెప్పలేదు. పెద్దాయన దగ్గు సంగతి తేలిపోతే, తర్వాతి ప్రశ్న తన మీదికే వస్తుందని తెలుసు. "పొద్దుపోయింది, వెళ్ళొస్తాను," అని మెట్లు దిగింది. ఆయన మొహం చూడటానికి సిగ్గేసింది.

మంగళవారం పిల్లాడికి ఆక్సిజన్ తీసేశారు. పాలు తాగాడు. అప్పుడు చెల్లెల్ని వరండాలోకి పిలిచింది.

"ఆదివారం నాకు జలుబుందే. దుమ్మని అబద్ధం చెప్పాను. పరీక్ష చేసుకున్నాను. అదే వైరస్."

చెల్లెలు వార్డు తలుపు దగ్గరగా వేసింది. "పరీక్ష ఎప్పుడు చేసుకున్నావు?"

"శుక్రవారం."

"ఇవాళ మంగళవారం. వాడు బతికి బట్టకట్టాక చెప్తున్నావు. వాడికేమన్నా అయ్యుంటే చెప్పేదానివా?"

చెప్పేదాన్నని అనబోయింది. నిజంగా తెలియదు.

"మా మామగారు ఐదు రోజులుగా ఇంటికి రావట్లేదక్కా. తనతో పనిచేసిన పాత డ్రైవరు గదిలో పడుకుంటున్నారు. నేనే రావద్దన్నాను." ఆమె కళ్ళు తుడుచుకుంది. "నా ముందు ఏడవకు. వెళ్ళి ఆయనతో చెప్పు."

పెద్దాయన ఆసుపత్రి గేటు దగ్గర గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆమె అంతా చెప్పింది, శుక్రవారం నాడు కావాలనే నోరు మూసుకున్నానన్న సంగతితో సహా. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

ఆయన మూతికి కట్టుకున్న రుమాలు విప్పి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అయితే నేను వాణ్ణి ఎత్తుకోవచ్చా?"

"ఎత్తుకోవచ్చు బాబాయిగారూ."

అంతే, ఆమెను అక్కడే వదిలేసి, కుర్రాడిలా గబగబా లోపలికి నడిచాడు. ఆయన కనుమరుగయ్యేదాకా ఆమె తల ఎత్తలేకపోయింది.

చెల్లెలు రెండు నెలలు మాట్లాడలేదు. ఆ తర్వాత ఒకరోజు ఫోన్ చేసి, పిల్లాడు బోర్లా పడ్డాడని చెప్పింది. రమ్మని మాత్రం అనలేదు. రావచ్చా అని ఆమె కూడా అడగలేదు.