రెండు ఫొటోల్లో ఒకే వంపు

మా ఇంటి చిన్నకోడలు వెన్నెముక డాక్టరు. పెద్దకోడలినైన నేనూ అంతే, అదీ ఒకే ఆసుపత్రిలో. ఇంట్లో గరిటె పంచుకోవడం చాలదన్నట్టు ఇక్కడ కత్తి కూడా పంచుకోవాలి. వయసులో, అనుభవంలో నేను పెద్ద. పేరు మాత్రం ఆవిడది. వరండాలో రోగులు "చిన్న డాక్టరమ్మ ఉన్నారా?" అని అడిగినప్పుడల్లా నాకు ఒళ్ళు మండుతుంది.

ఒకసారి ఓ దర్జీ వైద్యానికి మొదట నా దగ్గరికే వచ్చాడు. కాళ్ళలో పట్టు తప్పి కర్ర సాయంతో నడుస్తున్నాడు. స్కానింగులో వెన్నుపాము ఉబ్బి కనిపించింది. మామూలు వాపు జబ్బేనని తేల్చి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు రాశాను. నర్సు మందు తెచ్చేలోగా మా తోడికోడలు వార్డులోకి వచ్చింది. ఎవరూ పిలవకుండానే మంచం పక్కన కూర్చుంది.

"మిషను కుట్టేటప్పుడు ఎలా ఉంటుంది బాబాయ్?"

"వంగి కుడితే కాళ్ళు చచ్చుబడిపోతాయమ్మా. కాసేపు వెనక్కి వాలితే మళ్ళీ ప్రాణమొస్తుంది."

ఆవిడ నన్ను బయటికి పిలిచింది.

"అక్కా, ఇది వాపు జబ్బు కాదేమో. వెన్నుపాము పై పొరలో ధమని పోయి పోయి సిరలో కలిసినట్టుంది. రక్తం వెనక్కి తన్ని వెన్నుపాము ఉబ్బుతోంది. స్టెరాయిడ్ ఇస్తే ఉన్న ఆ కాస్త పట్టూ పోవచ్చు. రంగు ఎక్కించి రక్తనాళాల ఫొటోలు తీయిద్దాం."

నేను పుస్తకాల్లో తప్ప ఎరగని జబ్బు. నాకు తట్టనిది ఆవిడకు తట్టడమేమిటని మనసు ఒప్పుకోలేదు. అయినా మందు ఆపాను.

ఫొటోలు వచ్చాయి. ఏ నాళంలోనూ తేడా లేదని ఎక్స్‌రే డాక్టరు చెప్పాడు. అబద్ధమెందుకు, నా కడుపు చల్లబడింది.

"అయితే సాయంత్రం ఇంజెక్షన్ మొదలుపెడతాను" అన్నాను.

"సరే అక్కా" అంది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందనుకోలేదు.

గదికి వెళ్ళేసరికి ఆ ఫొటోలన్నీ నా బల్ల మీద ఉన్నాయి. తలుపేసుకుని కూర్చున్నాను. ఆవిడ ఎంత పొరబడిందో ఒక్కో ఫొటోతో నిరూపించి, నలుగురి ముందూ కడిగేయాలని నా ఆశ. వెన్నులో ప్రతి పూసకీ అటొకటి ఇటొకటి నాళం ఉంటుంది; ఆ కుడివీ ఎడమవీ పక్కపక్కన పెట్టి చూసుకుంటూ వెళ్ళాను. ఒకచోట కుడి నాళంలో చిన్న వంపు ఉంది. దాని జోడు ఫొటోలోనూ అదే వంపు, అదే చోట. కుడి నాళాన్నే రెండుసార్లు తీసి ఒకదానికి ఎడమ అని రాశారు. అసలు ఎడమ నాళంలోకి రంగే వెళ్ళలేదు!

ఇప్పుడు నోరు విప్పితే ఆవిడ గెలుస్తుంది. విప్పకపోతే ఎవరికీ తెలియదు. లేచి వార్డు వైపు వెళ్ళాను. దర్జీ కుర్చీలో కూర్చుని, మంచం కమ్మీ మీద పాదం ఆనించి మిషను తొక్కినట్టు తొక్కబోతున్నాడు. పాదం మాట వినడం లేదు.

ఆవిడకు ఫోను చేశాను. "ఎడమది తీయలేదు. మళ్ళీ తీయించు" అని పెట్టేశాను.

మళ్ళీ తీయిస్తే జబ్బు అక్కడే ఉంది. ఆపరేషన్ ఇద్దరం కలిసే చేశాం. ఎముక కొంచెం తొలిచి, పొర తెరిచి, ఆ దొంగ కలయిక మీద ఆవిడ బుల్లి క్లిప్పు పెట్టింది. ఎర్రగా ఉబ్బిన సిర మెల్లగా నీలంగా మారింది. థియేటర్లో అందరూ ఆవిడకే భేష్ అన్నారు. రక్తం పీల్చే గొట్టం పట్టుకున్నదాన్ని ఎవరు చూస్తారు?

కొన్నాళ్ళకు దర్జీ కర్ర లేకుండా నడిచి వచ్చాడు. నన్ను దాటుకుని తిన్నగా ఆవిడ దగ్గరికే వెళ్ళాడు.

"మీ చలవే చిన్న డాక్టరమ్మా!"

"నాదేముంది బాబాయ్, ఆ ఫొటోల్లో తప్పు పట్టింది మా అక్క."

"అంతమందికి కనబడనిది ఆవిడకెలా కనబడిందమ్మా?"

"నా తప్పులు వెతకమంటే అక్కకి చీమ తలకాయ కూడా కనిపిస్తుంది" అని నవ్వింది. "అందుకే వాటిని తీసుకెళ్ళి ఆవిడ బల్ల మీద పెట్టొచ్చాను."

దర్జీ పకపకా నవ్వాడు. నేనూ నవ్వాల్సి వచ్చింది. ఆ ఉపాయం నాకు తట్టనందుకు మాత్రం ఇప్పటికీ కుళ్ళుకుంటున్నాను.