థాడ్ వేసిన ఓటు

కోర్టు ఉంటేనే మా పెల్టన్ ఒక ఊరు. లేకపోతే నెబ్రాస్కా గడ్డిలో నాలుగు కొంపలు, అంతే. కేసులకొచ్చేవాళ్లు, భూమి రాయించుకునేవాళ్లు దిగితేనే మా హోటల్లో పొయ్యి వెలిగేది. రైలు ఎలాగూ మమ్మల్ని కాదని తొమ్మిది మైళ్ల అవతల గ్రోవర్ మీదుగా పోయింది. అది చాలదన్నట్టు ఆ గ్రోవర్ వాళ్లకి జిల్లా కేంద్రం, దాంతోపాటు మా కోర్టూ కావాలట! ఓటింగు పెట్టారు.

ఓడిన ఊళ్లు ఏమవుతాయో మాకు తెలుసు. ఇళ్లను దుంగల మీదికెక్కించి, ఎద్దుల్ని కట్టి, గెలిచిన ఊరికి లాక్కుపోతారు. సమాధుల్ని ఎవరూ లాక్కుపోరు. మా అబ్బాయి థాడ్ సమాధి ఊరి చివరే ఉంది. కంఠసర్పి జబ్బు చేసి నాలుగేళ్ల వయసులోనే పోయాడు. నా భార్య అల్మైరా రోజూ పొద్దున్నే వెళ్లి వాడి దగ్గర కూచుంటుంది.

పోలింగు రోజు మధ్యాహ్నానికే మా ఓట్లు చాలవని తేలిపోయింది. పోలింగు గుమాస్తా బ్రిగ్స్ రొప్పుతూ వచ్చాడు.

"పేర్లు కావాలోయ్! సమాధుల మీదవి రాసేస్తున్నా. అక్కడ గ్రోవర్‌లో గుర్రాల చేత కూడా ఓట్లు వేయిస్తున్నార్ట!"

"అయితే మావాడి పేరూ రాయి" అన్నాను. వాడి కోసమే కదా ఇదంతా అనుకున్నాను. నా బుద్ధి గడ్డి తింది.

పదకొండు ఓట్లతో గెలిచాం. వారం తిరక్కుండా గ్రోవర్ లాయరు ఓటర్ల జాబితా పట్టుకుని మా శ్మశానంలో దిగాడు. అల్మైరా అక్కడే ఉంది.

"అమ్మా, ఈ థాడియస్ ఆస్బర్న్ మీకేమవుతాడు?"

"మా అబ్బాయండీ!" పలకరించే మనిషి దొరికాడని, పిచ్చిది, వాడి ముచ్చట్లన్నీ చెప్పుకుంది.

కోర్టులో జడ్జి ఆ పేరు పైకి చదివాడు.

"నాలుగేళ్లకే ఓటేశాడా? గట్టి పిండమే!" అని అరిచాడొకడు. జనం విరగబడి నవ్వారు. పెల్టన్ ఓట్లన్నీ చెల్లవని కొట్టేశారు. జిల్లా కేంద్రం గ్రోవర్‌కి పోయింది.

అల్మైరా నా వైపు తిరిగింది. "వాడి పేరు నువ్విచ్చావా?"



మార్చిలో హోటలు దుంగల మీదికెక్కింది. పన్నెండు జతల ఎద్దుల్ని కట్టాం. అప్పటికి ఊళ్లో మాదే ఆఖరి ఇల్లు. అల్మైరా సమాధి దగ్గర్నుంచి లేవలేదు.

"రావే, నీ కాళ్లు పట్టుకుంటా. ఇంకేముందే ఇక్కడ?" ఏడుస్తూ బతిమాలాను.

"ఇక్కడే ఉందామని వాడు ఓటేశాడుగా" అంది, రాతి మీద మట్టి తుడుస్తూ. "పసివాడి మాట నేనెలా కాదంటాను? నువ్వెళ్లు."