ఎర్ర తల జాకీ

పదకొండేళ్లుగా గుమాస్తా మనసులో ఒక సందేహం ఉంది. ఆ సాయంత్రం తను దీపం ముందు కూర్చోకుండా జీపు కింద దూరి ఉంటే దేవుడు తప్పు పట్టేవాడా? పెద్దవాళ్లను అడగదగిన సందేహమే. కానీ అడిగితే, ఏ సాయంత్రం, ఏ జీపు అని వాళ్లు తిరిగి అడుగుతారు. అందుకని ఎవరినీ అడగలేదు. రోజూ అగ్గిపుల్ల గీసి వత్తికి అంటించే ఆ కాస్త సేపట్లో సందేహం లేచి కూర్చునేది. దీపం వెలిగాక మళ్లీ సద్దుమణిగేది.

అతను సిమెంటు డిపోలో పనిచేస్తాడు. అబద్ధం ఆడడని పేరు. బస్తాలు తక్కువ పడితే యజమాని లారీవాళ్లను నిలదీస్తాడు, హమాలీలను నిలదీస్తాడు, గుమాస్తా వైపు మాత్రం చూడడు. ఆ నమ్మకం ఇన్నేళ్లుగా ముల్లులా గుచ్చుతున్నా గుమాస్తా నోరు మెదపలేదు.

ఒక ఆదివారం పొద్దున్నే బావమరిది వచ్చాడు. అతను వస్తున్నట్టు వీధి మలుపులోనే తెలిసిపోతుంది. ఎడమ కాలు మోకాలి దగ్గర వంగదు. ఈడ్చి నడుస్తాడు కాబట్టి చెప్పు నేల మీద గరగరమంటుంది.

"అక్కా, బావను చొక్కా వేసుకోమను. జీపు దొరికింది."

"మళ్లీ జీపా?" అంది గుమాస్తా భార్య. "ఒక కాలు ఇచ్చావుగా, చాల్లేదా?"

"ఇంకోటి ఉందిగా అక్కా."

నవ్వుతూనే అన్నాడు, కానీ కూర్చోలేదు. కొండ మీది రాళ్ల క్వారీకి మళ్లీ బండి కావాలట. పైన పనిచేసేవాళ్లకు నీళ్లూ భోజనాలూ చేరవేయాలి. నెలాఖరులోగా కొండెక్కగల బండి చూపిస్తే పని తనదేనని మేనేజరు మాటిచ్చాడు. పదకొండేళ్లుగా పరాయివాడి పంక్చరు షాపులో ట్యూబులు అతికిస్తున్నవాడికి అది చిన్న మాట కాదు.

పాత బండ్ల యార్డులో ఆ జీపు ఒక మూల, రెండు లారీ క్యాబిన్ల మధ్య ఇరుక్కుని ఉంది. పచ్చ రంగు వెలిసి బూడిదరంగుకు తిరిగింది. బావమరిది కాలు చాచి నేల మీద కూలబడి, ఛాసిస్ పొడుగునా సుత్తితో కొట్టుకుంటూ పోయాడు. మోత గట్టిగానే వచ్చింది. గుమాస్తా లోపలి చాప ఎత్తి చూశాడు. అరచేయి పట్టేంత బొక్క. కింద గడ్డి కనిపిస్తోంది.

"అడుగు తుప్పు పట్టిందండీ," అన్నాడు.

"కిందనుంచి గాలొస్తుంది సార్. ఎండల్లో హాయిగా ఉంటుంది," అన్నాడు యార్డు యజమాని.

"వానొస్తే?"

"వచ్చిన నీళ్లు నిలబడవు సార్. అందులోంచే పోతాయి."

బావమరిది పకపక నవ్వాడు. ఫోర్ వీల్ లివరు పడటం లేదని అతనూ, పడుతుంది కానీ తెలిసినవాడు వెయ్యాలని యార్డు యజమానీ గంటసేపు వాదించుకున్నారు. చివరికి చెప్పిన ధరలో మూడో వంతు తగ్గింది. మిగిలిన డబ్బుతో పాత టైర్లు నాలుగు కొనాలి, కొండ రాళ్లు అడుగుకు తగలకుండా బండిని ఎత్తు చేయించాలి, ఎడమ కాలు క్లచ్చి తొక్కలేదు కాబట్టి చేత్తో పట్టే లివరు పెట్టించాలి.

"ఎక్కడ చేయిస్తావు?" అన్నాడు గుమాస్తా.

"సంత వెనక షెడ్డువాడు సగానికే చేస్తానన్నాడు. కమాన్ పట్టీల దగ్గర ఇనప దిమ్మలు పెట్టి నాలుగు వేళ్లు లేపుతాడు. క్లచ్చికి సైకిలు బ్రేకు వైరు వేస్తాడట."

"సైకిలు వైరా?"

"సైకిలు మాత్రం బండి కాదా బావా?"

"మరి బ్రేకు హోసులు? బండి లేస్తే ఆ రబ్బరు గొట్టాలు పొట్టివి అవుతాయి కదా."

"పాతవే సరిపోతాయన్నాడు. డబ్బులు మిగిలితే చూసుకుందాం."

గుమాస్తా ఎత్తిన చాప మళ్లీ పరిచాడు. "పోనీ, ఆ వెల్డరు దగ్గరికే..."

"వాడి పేరెత్తకు!" బావమరిది ముఖం నల్లబడింది. "నా కాలు తిన్నది చాలు. నువ్వు ఒక్క పని చెయ్యి. షెడ్డువాడు పని ముగించాక జాకీ వేసి చూడు. అప్పుడు కూడా నువ్వు చూశావుగా. నువ్వు చూసినప్పుడు బాగుంది, మర్నాడు హోసు తెగింది. అంటే వాడి బిగింపులోనే దొంగతనం ఉంది. నాకు నీ చూపు మీదే నమ్మకం."



పదకొండేళ్ల కిందట ఇదే క్వారీ పని కోసం వాళ్లిద్దరూ కలిసి ఒక పాత జీపు కొన్నారు. ఎత్తు చేసింది ఆ వెల్డరే. పని పూర్తయ్యే వేళకు, కాన్పుకు వెళ్లిన కూతురికి కష్టంగా ఉందని అతనికి కబురొచ్చింది. చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా బయలుదేరుతూ తన జాకీ తెచ్చి గుమాస్తా చేతిలో పెట్టాడు.

"సార్, వెనక హోసు మీద నాకు అనుమానంగా ఉంది. ఛాసిస్ కింద జాకీ వేసి, చక్రాలు గాలిలో వేలాడదీసి చూడండి. హోసు బిగుసుకుంటే కొండెక్కొద్దు. పొడుగుది తెప్పించేదాకా ఆగండి. నేల మీద నిలబెట్టి చూస్తే మాత్రం ఏమీ తెలియదు." రెండడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "గుర్తు కోసం జాకీ తలకు ఎర్ర రంగు వేశాను. పొద్దుటిదే. చొక్కాకు అంటుకోనివ్వకండి."

జీపును గుమాస్తా ఇంటి ముందు నిలిపి, బావమరిది క్వారీవాళ్లతో మాట్లాడటానికి వెళ్లాడు. అప్పటికే దీపం వేళయింది. ఇంజను నూనె చేతులతో దీపం ముట్టుకోవడం ఎలా? గుమాస్తా వంగి చూశాడు. జీపు నేల మీద నిలబడి ఉంది, హోసు వదులుగా వేలాడుతోంది. బాగానే ఉన్నట్టుందే, పొద్దున్న జాకీ వేద్దాం అనుకున్నాడు. స్నానం చేసి కూర్చున్నాడు. ఆ రోజు మనసు బాగా కుదిరిందని కూడా అతనికి గుర్తు.

తెల్లవారకముందే బావమరిది వచ్చి ఇంజను స్టార్టు చేశాడు. "జాకీ వేసి చూశావా బావా?"

"ఆఁ, చూశాను."

ఎందుకన్నాడో అతనికే తెలియదు. తడబడకుండా వచ్చింది మాట. కొండ దిగేటప్పుడు వెనక చక్రం ఒకటి గోతిలోకి జారి వేలాడింది. హోసు తెగింది. ఆ పాత బండిలో ఒకచోట తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు పోతుంది. జీపు బోర్లా పడి బావమరిది మోకాలు దాని కింద నలిగింది.

వెల్డరు ఆసుపత్రికి వచ్చాడు. చుట్టాలందరి ముందూ అడిగాడు, "సార్, జాకీ వేసి చూశారా?" గుమాస్తా రెండోసారి కూడా చూశాననే అన్నాడు. వెల్డరు అతని ముఖంలోకి కాసేపు చూసి వెళ్లిపోయాడు. జాకీ తిరిగి ఇమ్మని ఎప్పుడూ అడగలేదు. వాడి చేతిలో పడితే బండి లేస్తుంది, మనిషి పడతాడు అని ఊళ్లో జోకు పుట్టింది. జీపులవాళ్లు అతని దగ్గరికి పోవడం మానేశారు.

గుమాస్తా జాకీని గోనెసంచిలో చుట్టి మెట్ల కింద పెట్టాడు. దాని తల మీద ఎర్ర రంగు చెక్కు చెదరలేదు. ఒక్కసారి బండిని లేపి ఉంటే ఇనుము ఒరుసుకుని రంగు రాలి ఉండేది. తిరిగి ఇస్తే వెల్డరుకు ఒక్క చూపులో తెలిసిపోతుంది. మొదటి ఏడాది ఒకసారి దాన్ని బయటికి తీసి, గరుకు రాయి కూడా పట్టుకున్నాడు. నాలుగు రుద్దులు రుద్దితే చాలు. చెయ్యి ఆడలేదు. తన నోరు ఆడిన అబద్ధాన్ని ఆ ఇనుప ముక్క చేత కూడా ఆడించలేకపోయాడు.

యార్డు నుంచి ఇంటికి వచ్చి షెడ్డువాడి సంగతి చెప్పాక, మధ్యాహ్నం ఆ సంచి బయటికి లాగుతుంటే భార్య తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది.

"ఆ షెడ్డువాడి దగ్గర వద్దని చెప్పండి మా తమ్ముడికి."

"ఏ కారణం చెప్పను?"

"ఉన్న కారణమే చెప్పండి."

గుమాస్తా తలెత్తాడు.

"ఆ సాయంత్రం నేను గుమ్మంలోనే కూర్చుని ఉన్నాను," అంది ఆమె. "జీపు నా ఎదురుగానే ఉంది. మీరు స్నానం చేసి లోపల కూర్చున్నారు. మళ్లీ బయటికి రాలేదు."

"నీకు తెలిసీ..."

"తెలిసే ఊరుకున్నాను. వాడు నా తమ్ముడు, మీరు నా మొగుడు. ఎటు మాట్లాడినా కూలేది నా ఇల్లే. అన్నం పెట్టిన ప్రతిసారీ, ఇవాళైనా చెప్తారేమో అనుకున్నాను. మీరు కూర బాగుందని చెప్పేవారు."

మర్నాడు డిపో నుంచి అతను నేరుగా పంక్చరు షాపుకు వెళ్లాడు. బావమరిది నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచి, బుడగ ఎక్కడొస్తుందా అని చూస్తున్నాడు. గుమాస్తా నిలబడే చెప్పాడు. నాలుగు మాటల్లో అయిపోయింది. పదకొండేళ్లు మోసిన బరువు అంత పొట్టిగా ఉంటుందని అతను అనుకోలేదు.

బావమరిది తొట్టిలోంచి కళ్లు తీయలేదు. ట్యూబును చేతులతో కొంచెం కొంచెం తిప్పుతూనే ఉన్నాడు. బుడగ వచ్చింది. అక్కడ వేలు పెట్టాడు.

"నాకెందుకు చెప్పావు బావా?"

"షెడ్డువాడి దగ్గరికి పోతావని..."

"ఇన్నాళ్లూ తిట్టుకోవడానికి నాకు బయటివాడు ఒకడున్నాడు. మా అక్క వడ్డించిన అన్నం తింటూ, నీ పక్కనే కూర్చుని వాణ్ని తిట్టాను. నువ్వు వింటూ కూర్చున్నావు. పెరుగు కూడా వేసుకున్నావు. ఇప్పుడు నేనెక్కడికి పోయి తిట్టుకోవాలి?"

బావమరిది ట్యూబు బయటికి తీసి గుడ్డతో తుడిచాడు.

"దేవుడేమన్నాడు? రోజూ కలుస్తావుగా ఆయన్ని."

"అడగలేదురా."

"అడక్కు. ఆయన కూడా చూశాననే అంటాడు."

తర్వాత పది రోజులు బావమరిది అక్క ఇంటికి రాలేదు. వీధి మలుపులో చెప్పుల గరగర వినిపిస్తే భార్యాభర్తలిద్దరూ తలెత్తేవారు. చూస్తే ఎవరో వేరే మనిషి అయ్యేవాడు. దీపం ముందు గుమాస్తాకు మాటలు కుదరలేదు. అంత నిష్ఠగా కూర్చున్న ఆ సాయంత్రం దేవుడు తనను ఒక్కసారి లేపి బయటికి పంపి ఉండకూడదా అనుకున్నాడు. పంపాడేమో, వెల్డరు నోటితోనే పంపాడేమో, తనే లేవలేదేమో అని కూడా అనుకున్నాడు.

పదకొండో రోజు భార్య అంది, "వాడు జీపును వెల్డరు దగ్గరే పెట్టాడట."

ఆ సాయంత్రం దీపం ఆమెనే పెట్టమని, గుమాస్తా గోనెసంచి భుజాన వేసుకుని బయలుదేరాడు. వెల్డరు షెడ్డు ముందు ఇనుప గేట్లు, కిటికీ ఊచలు గోడకు ఆనించి ఉన్నాయి. మధ్యలో జీపు, నాలుగు వేళ్లు ఎత్తు లేచి నిలబడి ఉంది. స్టీరింగు పక్కన కొత్తగా అతికిన చేతి లివరు ఇంకా నల్లగా ఉంది. బావమరిది బోర్లించిన డ్రమ్ము మీద కాలు చాచి కూర్చున్నాడు. బావను చూసి ముఖం జీపు వైపు తిప్పుకున్నాడు.

వెల్డరు జుట్టు తెల్లబడిపోయింది. సంచి విప్పి జాకీ తీశాడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, దాని తల మీద బొటనవేలితో ఒకసారి రాశాడు.

"రంగు బాగా నిలిచింది సార్."

"మీ మీద పడ్డ మాట నా వల్లే," అన్నాడు గుమాస్తా. "అందరికీ చెప్తాను. క్వారీలో చెప్తాను, డిపోలో చెప్తాను..."

"ఎవరు అడిగారని చెప్తారు? ఆ రోజు మా అమ్మాయికి పుట్టిన పిల్ల ఇప్పుడు ఐదో క్లాసు. దానికి తెలిసిన తాత గేట్లు చేసే తాతే. జీపులు చేసినాయన ఎవరో దానికి తెలియదు."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే గుమాస్తాకు కాస్త ఊపిరి ఆడేది.

జాకీలో నూనె ఎండిపోయింది. వెల్డరు కొత్త నూనె పోసి, గాలి పోయేదాకా నాలుగైదు సార్లు కొట్టి, ఛాసిస్ కింద పెట్టి లేపాడు. జీపు వెనక భాగం నెమ్మదిగా పైకి లేచింది. చక్రాలు నేల వదిలి వేలాడాయి. వెల్డరు ఛాసిస్ కింద రెండు చెక్క దిమ్మలు ఆధారంగా తోసి, చెయ్యి చూపించాడు.

"దూరండి సార్. చూసి చెప్పండి."

గుమాస్తా తెల్ల చొక్కాతోనే వెల్లకిలా పడుకుని కిందికి జరిగాడు. మట్టి మెడలోకి పోయింది. ముఖం మీద నూనె చుక్క పడింది. హోసు అతని కళ్లకు జానెడు పైన ఉంది. నేల మీద వదులుగా వేలాడేది, ఇప్పుడు తీగలా బిగుసుకుంది. వేలితో మీటాడు. కదల్లేదు.

"బిగుసుకుంది," అన్నాడు.

"ఎంత?"

"తెగిపోయేంత."

పైన డ్రమ్ము కదిలిన చప్పుడైంది. తర్వాత బావమరిది గొంతు వినిపించింది. వెల్డరుతో అంటున్నాడు, బావతో కాదు. "పొడుగు హోసుకు ఎన్నాళ్లు పడుతుంది?"

"రెండు రోజులు."

"ఆగుతాను."

అప్పుడు కూడా ఆగాల్సింది ఆ రెండు రోజులే. గుమాస్తా కిందనే ఇంకాసేపు పడుకుని ఉన్నాడు. బయటికి వచ్చేసరికి డ్రమ్ము ఖాళీగా ఉంది. చెప్పుల గరగర రోడ్డు మీద దూరమవుతోంది.

వెల్డరు జీపును దింపి జాకీ బయటికి లాగాడు. ఛాసిస్ ఆనిన చోట ఎర్ర రంగు పెచ్చులుగా లేచి, కింది ఇనుము తెల్లగా మెరిసింది. గుడ్డతో తుడిచి, గోడ దగ్గరి బల్ల మీద మిగతా పనిముట్ల పక్కన పెట్టాడు.

"నా జాకీ నాకు ముట్టింది సార్," అని, కళ్లజోడు కిందికి దించుకుని, సగంలో ఉన్న గేటు వైపు తిరిగాడు.