చేదు చూసే నాలుక

దోసకాయ వండే ముందు చేదు చూడాలి. తొడిమ దగ్గర చిన్న ముక్క కోసి నాలుక మీద పెట్టుకోవాలి. బాగుంటే పప్పులోకి, చేదుగా ఉంటే పెంటకుప్ప మీదికి. సుల్తానాబాద్‌లో ఈ ఇంటికి కోడలిగా వచ్చి పదకొండేళ్లయింది, ఇన్నేళ్లలో ఇక్కడ చేదు చూసింది నేనొక్కదాన్నే. మా ఆయన ఓంప్రకాశ్‌కి విత్తనాల దుకాణం ఉంది. దోస విత్తనాల ప్యాకెట్లు దర్జాగా అమ్ముతాడు కానీ, ఆయన నాలుకకి మాత్రం ఆ చేదెలా ఉంటుందో తెలియదు. తెలిసిందంటే అది నా తప్పు.

మొన్న ఆదివారం ఆ తప్పు జరిగింది. ఆయన అక్కా బావా భోజనానికొచ్చారు. అంతకుముందు ఎనిమిది రోజులు నేను ఇంటర్ పేపర్లు దిద్దడానికి కరీంనగర్ తిరిగాను. పొద్దున్నే అందరికీ వండిపెట్టి ఏడింటి బస్సెక్కి, దీపాలు పెట్టే వేళకి వచ్చి మళ్లీ వండేదాన్ని. ఆదివారం ఒళ్లు తెలియని అలసటలో రెండు కాయలు కోసి ఒకటే రుచి చూశాను. రెండోది చేదు. ఆయన బావ మొదటి ముద్దకే ముఖం చిట్లించారు.

"కాలేజీల గంతమంది పిల్లలకు చెట్ల పాఠం చెప్తది, ఇంట్ల కాయకు చేదు సూడ శాతగాదు," అంది మా అత్త చంద్రవ్వ. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతోంది.

అవును, నేను చెట్ల పాఠమే చెప్తాను. దోసకి ఒకప్పుడు చేదే సహజం. పురుగూ పశువూ ముట్టకుండా అడవి తీగె తన కాయనీ ఆకునీ చేదుతోనే కాపాడుకునేది. ఎప్పుడో ఎక్కడో ఒక తీగెకి చేదు తగ్గిన కాయ కాసింది. దాన్ని తిని, గింజలు దాచి, మళ్లీ నాటారు. చేదు కాయల తీగెల్ని పీకేసి, చప్ప కాయల తీగెలకి నీళ్లు పోశారు. వేల ఏళ్లు అదే పని. చివరికి కాయలో చేదు పుట్టించే జన్యువు మెత్తబడిన తీగెలే మన పెరళ్లలో మిగిలాయి. ఆకులో మాత్రం చేదు అలాగే ఉంది. పుస్తకాల్లో దీన్ని మనిషి చేసిన ఎంపిక అని రాస్తారు. ఏ మనిషి? పొయ్యి ముందు కూర్చుని ముక్క నాలుక మీద పెట్టుకుని థూ అని ఉమ్మిన మనిషెవరో నాకు తెలుసు. ఆమె పేరు ఎవరూ రాయలేదు, ఆ పనిని పనే అనుకోలేదు.

నేను పీహెచ్‌డీ చేయాలనుకున్నది దాని మీదే. భైంసా దగ్గర మా పుట్టింటి చేను గట్టున మొలిచే చేదు బుడమ అనే అడవి దోస విత్తనం తెచ్చి, పెరట్లో ఇంటి దోస పక్కన వేశాను. ఒక సాయంత్రం బుడమ మొగ్గ విప్పి, సొంత పుప్పొడి అంటకుండా దాని కేసరాలు తీసేశాను. తెల్లారి ఇంటి దోస పుప్పొడి రుద్ది, కాగితం సంచి తొడిగి, ఎర్ర దారం కట్టాను. పది పూలకి అలా చేస్తే ఒక్క కాయ నిలిచింది. "ఆ గింజలు తీసుకుని బుధవారం ఇంటర్వ్యూకి రా జమునా, వాటితోనే పని మొదలుపెడదాం," అంది హైదరాబాద్ యూనివర్సిటీలో నాకు గైడ్‌గా ఉండబోయే మేడమ్. ఇంట్లో అందరికీ చెప్పాను. ఆ దారం జోలికి పోవద్దని రెండుసార్లు చెప్పాను.

సోమవారం కాలేజీ నుంచి వచ్చేసరికి బుడమ తీగె లేదు.

"నేనే పీకేసిన," అన్నాడు ఓంప్రకాశ్, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా. "గా అడివి తీగె పక్కనుండవట్టే మన దోసకు చేదు అంటింది."

"పక్క తీగె పుప్పొడి పడితే లోపలి గింజ మారుతది. తినే కండ మారదు. విత్తనాలు అమ్మే మీకు తెల్వదా?"

"ఇగ నాకు పాఠం చెప్తున్నవా?"

"నేను కరీంనగర్ తిరిగిన ఎనిమిది రోజులు దోసకు నీళ్లెవరు పోసిండ్రు?"

ఆయన ఫోన్ మీద వేలు జరుపుతూనే ఉన్నాడు. "నాకు మోకాళ్లు నొస్తయి బిడ్డా," అంది అత్త.

"గీ ఎండల నీళ్లు లేక మాడింది. అందుకే చేదైంది. ఎవ్వలూ అంటియ్యలే, దాని లోపల ఉన్నదే బయటికొచ్చింది," అన్నాను.

"ఒక్క తీగెకు గింత లొల్లా? ఎల్లుండి హైద్రాబాద్ పోవుడు గూడ బంద్ పెట్టు. నువ్వు పోతే ఇల్లెవరు సూస్తరు? నౌకరి ఉంది, ఇంకేం తక్కువైంది నీకు?" అన్నాడు ఓంప్రకాశ్.

పీకింది చేదు కోసం కాదని అప్పుడు అర్థమైంది. "ఎర్ర దారం సూసినంక గూడ పీకిండ్రా?"

"సూసిన. అయితే ఏంది?"

నాకు ఏడుపు రాలేదు. చెయ్యి లేచింది, దాన్ని దించుకుని పెంటకుప్ప దగ్గరికి నడిచాను. వాడిన తీగెల కింద కాయ దొరికింది, దారంతో సహా. దారం కట్టి ముప్పై రెండు రోజులు, తొక్క పసుపు తిరిగింది. కోసి గింజల్ని నీళ్లలో వేశాను. తాలువి తేలాయి. గట్టివి ఇరవై మూడు మునిగాయి. చాలు. నా గదిలో కాగితం మీద నీడలో ఆరబెట్టి తాళం వేశాను. ఈ ఇంట్లో నేను తాళం వేయడం అదే మొదటిసారి.

బుధవారం పొద్దున గింజల పొట్లం సంచిలో పెట్టుకున్నాను. "పోతే పోయినవ్ గని, దోసకాయ పప్పు జేసి పో," అంది అత్త. పప్పు ఉడికించి పెట్టాను. పెరట్లో ఇంటి దోస తీగెవే రెండు కాయలు తెంపి, తొడిమల దగ్గర ముక్కలు కోసి, పళ్లెంలో పెట్టి ఓంప్రకాశ్ ముందుంచాను.

"ఏందిది?"

"చేదు సూడుండ్రి. మంచిగుంటే పప్పుల ఏసుకోండి."

"నేనా?"

"తినేది మీరే గదా. నేను రేపొస్త. అప్పటిదాంక తీగెకు నీళ్లు గూడ మీరే పొయ్యాలె."

సంచి భుజాన వేసుకుని చెప్పులు తొడుక్కున్నాను. "జమునా, ఆగు," అంటూ అత్త ఏదో చెప్పబోయింది. ఆగలేదు. గేటు గడియ తీస్తుంటే లోపల ఓంప్రకాశ్ థూ అని ఉమ్మిన చప్పుడు వినిపించింది.