సోలెడు కారం ఎంత తూగుతుంది?

నేను ఒక ఇత్తడి సోలని. ఈ కాలం పిల్లలు నన్ను చూసి పెన్నులు పెట్టుకునే డబ్బా అనుకుంటున్నారు కాబట్టి చెప్పుకోక తప్పదు, మానికలో నాలుగో వంతుని. పాలకొల్లు దగ్గర ఒక కంచరి నన్ను కొట్టి, నీళ్లు పోసి చూసుకుని, అంచు సానబట్టి అమ్మాడు. అప్పట్లో నాకు మహా పొగరు. కొలతంటే నేనేననుకునేదాన్ని.

తర్వాత పేరిందేవమ్మగారి వంటింటికి చేరాను. ఏటా వేసవిలో ఆవిడ ఆవకాయ కలిపితే నాలుగు సోలల ముక్కలకి ఉప్పు, కారం, ఆవపిండి తలా ఒక సోల. ఉప్పు అంచుకి సమంగా గీసేసేవారు. కారం, ఆవపిండి మాత్రం కుప్పగా పోసి, పైన అరచెయ్యి బోర్లించి చూసేవారు. ఎంత కుప్ప అని ఎవరైనా అడిగితే "చేతికి తెలుస్తాదే" అనేవారు. ముప్పై ఏళ్లు ఆ చేతికే తెలిసింది.

మొన్న మాఘంలో ఆవిడకి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా ముద్దముద్దగా వస్తోంది. ఆ చేతితో పాటు ఆ రుచీ పోతుందేమోనని కోడలు సుహాసినికి బెంగ పట్టుకుంది.

పాపం, ఒక ఎలక్ట్రానిక్ కాటా తెప్పించింది. నా నిండా ఉప్పు పోసి తూస్తే నాలుగొందల ఇరవై గ్రాములు. సోలంటే ఇంతే కాబోలనుకుని కారం, ఆవపిండి కూడా అంతంతే తూచి కలిపేసింది. నాకు నోరుంటే అరిచి గోల చేసేదాన్ని. నేను కొలిచేది చోటుని, బరువుని కాదు తల్లీ! ఉప్పు బరువుగా కూర్చుంటుంది, కారం తేలిక. ఆ ఆవకాయ తిన్న అబ్బాయిగారు, అదే సుహాసిని భర్త, మజ్జిగ చెంబు దించితే ఒట్టు. సుహాసిని కళ్లల్లో నీళ్లు మాత్రం కారానివి కావు.

మర్నాడు నన్నూ, కాటానీ, కారం డబ్బానీ అత్తగారి మంచం దగ్గరికి తెచ్చింది.

"అత్తయ్యగారండీ, ఎడం చేత్తో పోసి చూపించండి. తూచుకుంటాను."

"ఆవకాయకి ఎడం చెయ్యా? బూజెక్కి పోద్దే!"

సుహాసిని తనే నాలో కారం కుప్పగా పోసింది. వాలిపోయిన ఆ కుడిచేతిని మెల్లగా ఎత్తి కుప్ప మీద బోర్లించింది. పెద్దావిడ కళ్లు మూసుకున్నారు.

"ఇంకొంచెం... ఇంకాస్త... ఆఁ, చాలు."

తూచారు. తర్వాత అంచుకి గీసి మళ్లీ తూచారు. ఆవపిండికీ అలాగే చేశారు. పుస్తకంలో పాత లెక్క కొట్టేసి సుహాసిని ఇలా రాసుకుంది: "సోల కారం నూట డెబ్బై గ్రాములు. అత్తయ్యగారి చెయ్యి నలభై." అది చూసి నాకు సిగ్గేసింది. ఆ నలభై ఏనాడూ నాలో పట్టలేదు.

ఇప్పుడు నాకు పనిలేదు, అటక మీదున్నాను. ఆ కొత్త లెక్కతో పెట్టిన జాడీని మూడోనాడు తిరగకలిపిన రోజు మాత్రం ఇంకా గూట్లోనే ఉన్నాను. సుహాసిని వేడన్నంలో కలిపి అత్తగారి నోటికి ముద్ద అందించింది. ఆవిడ నెమ్మదిగా నమిలారు. కోడలి మొహంలోకి చూశారు.

"నేనే... కలిపానా?"

"అవునండీ," అంది సుహాసిని.