గడియ ఏ వైపు

నేను ఒక ఇనుప గడియని. జానెడు పొడవు, బొటనవేలంత లావు, కొసన తాళంకప్ప దూరేంత బెజ్జం. మీరు రోజూ నాలాంటిదాన్ని నాలుగైదుసార్లు జరుపుతూనే ఉంటారు గానీ ఏనాడూ నా మొహం వంక చూసి ఉండరు. చూడక్కర్లేదు లెండి. చీకట్లో చేత్తో తడిమినా దొరుకుతానన్న ధీమా మీకుంటే చాలు, నా పుట్టుకకు అంతకన్నా గొప్ప లేదు.

చదువుకోలేదు నేను. అయినా పదేళ్లకు పైగా ఒక బళ్లో కాపురం ఉన్నాను. ఇనుముకు తుప్పు పడుతుంది గానీ మరుపు పట్టదు. అందుకని చెప్పడం మొదలుపెడితే ఆపడం నాకు చేతకాదు, ఏమీ అనుకోకండి.

గుండ్లవాగు అనే చిన్న టౌనులో కాళాచారి కొలిమిలో పుట్టాను. అంతకుముందు ఒక ఎడ్లబండి చక్రానికి పట్టాని. బండి మూలపడ్డాక నన్ను ముక్క కొట్టి, ఎర్రగా కాల్చి, సుత్తితో సాగదీశాడు కాళాచారి. కొనడానికొచ్చిన రైతుకు నన్ను అటూ ఇటూ జరిపి చూపించి, "బయట బిగించుకో, లోపల బిగించుకో, నీ ఇష్టం రాఘవులూ, ఎటైనా పనిచేసుద్ది" అన్నాడు. ఆ మాటలో ఏముందో నాకప్పుడు తెలియలేదు. తెలియడానికి ముప్పై ఏళ్లు పట్టింది.

రాఘవులు నన్ను తన పొగాకు బ్యారన్ తలుపుకు బయటవైపు బిగించాడు. బ్యారన్ అంటే పచ్చి ఆకును కర్రలకు గుచ్చి వేడికి ఆరబెట్టే పొడుగాటి ఇటుకల గది. లోపల ఆకు, బయట నేను, చేను గట్టున దొంగలు. ఏళ్ల తరబడి ఇదే లోకం నాది. గడియ అంటే లోపలున్న సరుకును బయటివాళ్లనుంచి కాపాడేది, అంతే అనుకున్నాను. సరుకు ఏమనుకుంటుందో ఎవరడుగుతారు?

తర్వాత రాఘవులు పొగాకు మానేశాడు. బ్యారన్ పడగొట్టే కూలికి వచ్చిన ఖాసిం నన్ను ఊడదీసి జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. వాళ్ల తలుపుకు గడియ ఉంది కాబట్టి నన్ను గోడ మేకుకు తగిలించారు. అదే మేకుకు ఖాసిం కూతురు గౌసియా తన నీళ్ల సీసా తగిలించేది. ఎనిమిదో తరగతి పిల్ల, పల్చగా, గట్టిగా మాట్లాడదు.

మేకుకు వేలాడేదానికి చూడటం తప్ప వేరే పనేముంది? ఆ సీసా పొద్దున నిండుగా బడికి పోయేది, సాయంత్రం నిండుగానే తిరిగొచ్చేది. నాకు ఆశ్చర్యం వేసింది. నీళ్లు మోసుకుపోయి మళ్లీ మోసుకొచ్చే చదువేమిటా అని.

వాళ్లమ్మ మస్తాన్‌బీ కంటా పడింది ఒకరోజు.

"ఏందే, పోసిచ్చిన నీళ్లు పోసినట్టే తెస్తన్నావు?"

"దప్పిక అవట్లేదమ్మా."

"దప్పిక అవనిదానివి, ఇంటికి రాగానే చెంబుడు నీళ్లు గటగటా తాగుతున్నావే? నిజం చెప్పు."

పిల్ల గోడ గీకుతూ చెప్పింది. బడిలో ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదట. ఒకరు లోపలికి వెళితే ఇద్దరు బయట తలుపు పట్టుకుని నిలబడాలట. గౌసియాకు తలుపు పట్టే ఇద్దరిలో ఒకతె ఊరు మారిపోయింది, రెండోది బడి మానేసింది. అందుకని పొద్దుననుంచి సాయంత్రం దాకా ఈ పిల్ల చుక్క నీళ్లు ముట్టదు. పొత్తికడుపులో నొప్పి మొదలై నెల దాటింది.

"గ్రేడింగు మొదలవగానే నీతోపాటు నేనూ వస్తా. ఇంక బడికి పోను" అంది.

గ్రేడింగు అంటే పొగాకు కంపెనీలో ఆకును రంగుని బట్టి ఏరి కట్టలు కట్టడం. మస్తాన్‌బీ పదేళ్ల వయసునుంచి చేస్తున్నది అదే. తినే అన్నం ముద్ద కూడా పొగాకు వాసనే. "నీ కూతుర్ని కూడా పంపియ్యి, వయసు రెండేళ్లు ఎక్కువ రాసుకుంటాలే" అని మేస్త్రి అప్పటికే రెండుసార్లు కబురు పెట్టాడు. గ్రేడింగు మొదలవడానికి ఇంకా మూడు నెలలుంది. మర్నాడు మస్తాన్‌బీ నన్ను మేకునుంచి తీసి, కొంగుకు కట్టుకుని బడికి నడిచింది.

హెడ్మాస్టరు చెంచురామయ్యగారు మెత్తని మనిషి. ఆయనకు రెండే భయాలు, ఒకటి తేళ్లు, రెండోది తనిఖీలు. నన్ను చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"మంచి గడియేనమ్మా. కానీ బడి తలుపుకు మేకు కొట్టాలన్నా కమిటీ తీర్మానం కావాలి."

"ఈ ఇనపముక్కకా సారూ?"

"ఇనపముక్కకే."

"ఆ కమిటీ ఎవరో చెప్పండి, పోయి అడుక్కుంటా."

"ఎవరో ఏంటమ్మా, మీరే! పిల్లల తల్లిదండ్రులే ఓటేసి ఎన్నుకునేది. పాత కమిటీకి గడువు తీరింది. వచ్చే శనివారం ఎన్నిక. మీకు చీటీ పంపించానే?"

చీటీ వచ్చింది నిజమే. దాన్ని మడిచి ఊగే మంచం కోడు కింద పెట్టారు ఖాసిం ఇంట్లో. నేను చూశాను.

హెడ్మాస్టరు నన్ను సొరుగులో పడేశారు. సుద్దముక్కలు, పగిలిన కళ్లద్దాలు, మూగబోయిన ఒక విజిలు నాకు తోడు. ఆ సొరుగు ఎప్పుడూ పూర్తిగా మూసుకోదు, అది నా అదృష్టం. సందులోంచి వరండా అంతా కనబడేది, వినబడేది.

శనివారం రానే వచ్చింది. తరగతికి ముగ్గురు చొప్పున సభ్యుల్ని ఎన్నుకోవాలి, చేతులెత్తి. ఎనిమిదో తరగతికి పదకొండు మంది వచ్చారు. "ఎవరుంటారమ్మా?" అని అడిగితే అందరూ తమ చెప్పుల వంక చూసుకున్నారు. ఇద్దరు ఎలాగో ఒప్పుకున్నారు. మూడోవారు లేరు. వెనకనుంచి ఒకావిడ కేకేసింది.

"మస్తానక్క ఉంటదిలే సారూ! ఊరికే కూర్చోవడం ఆమెకి చేతగాదు."

నవ్వులు, వెంటనే చేతులు. ఆ ఎత్తిన చేతులు దించుకుంటూనే సగంమంది కుళాయి నీళ్ల వేళయిందని ఇళ్లకు పరుగెత్తారు. తరగతి తరగతికీ సభ్యులు తేలాక, వాళ్లంతా కలిసి చైర్మన్‌ని ఎన్నుకున్నారు. ఆరో తరగతి కుర్రాడి తండ్రి, పురుగుమందుల కొట్టు పేరయ్య. ఆయన దండ ముందే తెచ్చి సంచిలో పెట్టుకున్నాడు. చెడ్డవాడు కాదు సుమండీ. పదిమంది తనవైపు చూస్తే పొంగిపోతాడు, అంతే. నేను చూసిన మనుషుల్లో నూటికి తొంభైమంది అంతే.

మొదటి సమావేశంలో హెడ్మాస్టరు కమిటీ పనులన్నీ చదివి వినిపించారు. మధ్యాహ్నం వండిన అన్నం రుచి చూడటం, బడి మానేసిన పిల్లల ఇళ్లకు వెళ్లి మాట్లాడటం, అయ్యవార్లు వేళకు వస్తున్నారో లేదో కనిపెట్టడం, భవనం బాగోగులు. నేను సొరుగులో చెవి ఒగ్గి విన్నాను. ఇంత అధికారం ఈ మామూలు మనుషుల చేతుల్లో ఉందా అని నాకు విడ్డూరంగా అనిపించింది. వాళ్లకూ అలాగే అనిపించినట్టుంది, ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

పేరయ్య గొంతు సవరించుకున్నాడు. "అయ్యన్నీ చేసుకుందాం గాని మాస్టారూ, ముందు ఇక్కడొక బడుందని ఊరికి తెలియాలి గదా? రోడ్డు మీదకి పెద్ద ఆర్చీ కట్టిద్దాం."

ఇక చూడండి. ఆర్చీ ఎంత ఎత్తు, దానిపైన సరస్వతా, సింహాలా, పేరయ్యగారి తండ్రి పేరు పైన ఉండాలా, కింద ఉండాలా... గంటన్నర గడిచింది. మస్తాన్‌బీ మాత్రం అరుగంచున కూర్చుని వింటూ ఉంది. చివరికి అడిగింది.

"పేరయ్యన్నా, ఆర్చీకి తలుపులుంటయ్యా?"

"ఆర్చీకి తలుపులెందుకమ్మా?"

"ఏం లేదు. తలుపున్నదానికి గడియ లేదు, అది అడుగుదామని."

ఆడవాళ్లంతా ఒక్కసారి నవ్వారు. నవ్వయ్యాక ఒకరి తర్వాత ఒకరు నోరు విప్పారు. మా పిల్లా అంతే, మా పిల్లా అంతే అని. 'బాలికల మరుగుదొడ్డి తలుపునకు గడియ బిగించుటకు ఏకగ్రీవముగా తీర్మానించడమైనది' అని రాశారు హెడ్మాస్టరు. నా పేరు సిరాతో కాగితమెక్కడం అదే మొదలు. సొరుగులో ఉప్పొంగిపోయాను.

కానీ తీర్మానానికీ మరమేకుకూ మధ్య రెండు నెలలు పట్టింది. వడ్రంగికి పెళ్లిళ్ల మంచాల పని. చివరికి పేరయ్యే అతన్ని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు, దగ్గరుండి బిగించాడు. "గట్టిగా బిగించు. మేకలు దూరకూడదు, ఎవడు బడితే వాడు జొరబడకూడదు." నన్ను జరిపి చూసి, సొంత కొట్టునుంచి తెచ్చిన కొత్త తాళం వేసి, నా మీద చెయ్యి పెట్టి ఫొటో తీయించుకున్నాడు. తాళంచెవి హెడ్మాస్టరు సొరుగులోకి వెళ్లింది.

నన్ను బిగించింది బయటవైపు. నేనూ సంతోషించాను. దాచుకోవడమెందుకు, నాకు తెలిసింది ఆ ఒక్క వైపే కదా.

మర్నాడు గౌసియా వచ్చింది, తాళంచెవి అడిగి తెచ్చుకుని. నన్ను చూడగానే ఆ పిల్ల మొహం ఎంత విప్పారిందో! మేకు మీద పాత పరిచయం మాది. నన్ను జరిపి, లోపలికి వెళ్లి, తలుపు దగ్గరికి లాగింది. అప్పుడు లోపలినుంచి ఆమె అరచెయ్యి చెక్కను తడమడం నాకు తెలిసింది. పైన తడిమింది. కింద తడిమింది. మళ్లీ పైన. నేను ఇవతల ఉన్నాను. మధ్యలో ఒక్క అంగుళం చెక్క. ఇనుమునై ఉండీ ఆ క్షణాన కరిగిపోవాలనిపించింది. పిల్ల తలుపు తీసి, తాళం వేసి వెళ్లిపోయింది.

శనివారం మధ్యాహ్నం పిల్లలు ఇళ్లకు వెళ్లాక రెండో సమావేశం. సోమవారం గ్రేడింగు మొదలు. దొడ్డి గోడ వరండాకు ఆనుకునే ఉంటుంది గనక అంతా విన్నాను. తీర్మానాల పుస్తకం చేతులు మారుతోంది. 'గడియ పని పూర్తయినది' అని రాసి ఉంది. ఆ ఊళ్లో పుస్తకం వస్తే సంతకం పెట్టి పక్కవారికి అందించడం ఆచారం. పెళ్లిలో తాంబూలం పళ్లెం అందించినట్టు. మస్తాన్‌బీ దగ్గర పుస్తకం ఆగిపోయింది.

"పని చూడకుండా సంతకం ఎట్టా పెట్టేది? ఆకు చూడకుండా కట్ట కడితే మేస్త్రి మా కట్ట ఇసిరికొడతాడు."

"చూసేదేముందమ్మా, నేనే దగ్గరుండి బిగించా" అన్నాడు పేరయ్య.

"అయితే మీరే చూపిచ్చండి."

అందరూ నా దగ్గరికి వచ్చారు. తాళం తీశారు.

"లోపలికి పోండన్నా."

"నేనా?"

"మీరే. చైర్మన్ గదా."

పేరయ్య నవ్వుతూ లోపలికి వెళ్లి తలుపు లాక్కున్నాడు. గాలికి తలుపు జానెడు తెరుచుకుంది. మళ్లీ లాగాడు. మళ్లీ తెరుచుకుంది.

"ఇదేంది, ఆగట్లా?"

"గడియ పెట్టుకోండన్నా."

లోపల చెయ్యి తడుముతోంది. పైన, కింద, మళ్లీ పైన. మొన్న విన్న చప్పుడే, చెయ్యి వేరు.

"ఏదీ? యాడుంది?"

"బయటుంది. నన్ను పెట్టమంటారా?"

"వద్దొద్దు! పెట్టబాకు తల్లీ!"

ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హెడ్మాస్టరు ఆకాశంలోకి చూశారు. మస్తాన్‌బీ మాత్రం నవ్వలేదు. మూసిన తలుపుతో మాట్లాడుతున్నట్టు మెల్లగా చెప్పింది.

"మా పిల్ల పొద్దున్నించి సాయంత్రం దాకా నీళ్లు తాగదన్నా. సోమవారం గ్రేడింగు మొదలు. ఈ తలుపు ఇట్టాగే ఉంటే అది ఆకు కట్టుద్ది, నేను పక్కన కూర్చుని చూడాల. పది నిమిషాలు అట్టా తలుపు లాగి పట్టుకుని ఉండి చూడండి."

పది నిమిషాలు లేడు గానీ రెండు నిమిషాలు ఉన్నాడు పేరయ్య. బయటికొచ్చినప్పుడు చెమటకు చొక్కా తడిసి ఉంది.

"నాకు ఆడపిల్లలు లేరమ్మా. తట్టలా" అన్నాడు. తర్వాత, "మాస్టారూ, స్క్రూడ్రైవరుందా?"

"ఉందిగానీ, తీర్మానంలో ఏ వైపనేది రాయలేదు మరి..." అన్నారు హెడ్మాస్టరు. అందరూ ఆయన వంక చూశారు. ఆయన గబగబా పుస్తకం తెరిచి 'లోపలివైపున' అన్న మాట చేర్చారు.

"చదవండి సారూ" అంది మస్తాన్‌బీ. చదివారు. "మళ్లీ చదవండి." మళ్లీ చదివారు. పుస్తకం మాత్రం తీసుకోలేదు ఆమె. "బిగించినాక పెడతా."

వడ్రంగి కోసం ఆగలేదు. పేరయ్యే చొక్కా చేతులు మడిచి నన్ను ఊడదీసి లోపల బిగించాడు. చేతగాని పని గదా, ఒక స్క్రూ వంకరపోయింది. ఇప్పటికీ నేను కొంచెం కుంటుతూనే నడుస్తాను. ఈసారి మస్తాన్‌బీ తనే లోపలికి వెళ్లి, నన్ను జరిపి, తీసి, బయటికొచ్చి, ఒక్కో అక్షరం కూడబలుక్కుని సంతకం పెట్టింది.

సోమవారం. మొదటి గంట కొట్టారు. నా దగ్గరికి ఎవరెవరో వచ్చారు, వెళ్లారు. నేను ఎదురుచూసింది ఒక్క చెయ్యి కోసం. ఇంటర్వెల్ అయిపోయింది. అన్నం గంట కూడా కొట్టారు. బస్సెక్కి కంపెనీకి పోయిందేమో, ఈపాటికి వేళ్లకు పొగాకు జిగురు అంటి ఉంటుందేమో అనుకున్నాను. అప్పుడు తలుపు తెరుచుకుంది. పల్చటి వేళ్లు నన్ను తోశాయి. వంకర స్క్రూ దగ్గర ఆగిపోయాను. మళ్లీ తోసింది. టక్.

అంతకాలం పొగాకుకు కాపలా కాసినదాన్ని. లోపలున్న మనిషి, తన కోసం తాను, తన చేత్తో నన్ను జరపడం ఆ సోమవారమే మొదలు. గడియకు ఇంకో వైపు ఉందని ఆ రోజు తెలిసింది.

తర్వాతి సమావేశంలో మస్తాన్‌బీ గొంతు గోడ దాటి వినిపించింది. "మా పిల్ల సీసా ఖాళీగా వస్తంది సారూ. మధ్యాహ్నం మళ్లీ నింపుకుందామంటే బడి కుళాయిలో నీళ్లు లేవంట. ఇప్పుడది రాయండి."

ఆర్చీ సంగతంటారా? రెండు గుంటలు తవ్వారు. పిల్లలు వాటిలో గోళీలాడుకుంటారు.

గౌసియా పదో తరగతి పాసై వెళ్లిపోయింది. రెండేళ్లకో కమిటీ వస్తుంది, పోతుంది. పేరయ్య దిగిపోయిన రోజున కొత్త చైర్మన్ మెడలో దండ వేసి, పుస్తకం మాత్రం చేతికివ్వలేదు. "ఆగు అల్లుడూ. ముందు లోపలికి పోయి తలుపేసుకునిరా. సంతకాలు తర్వాత." అప్పటినుంచీ అది ఆ బడిలో ఆచారమైపోయింది. ఎందుకు మొదలైందో ఇప్పటివాళ్లకు తెలియదు. కొందరు నవ్వుకుంటారు, కొందరు సిగ్గుపడతారు. కానీ ఎన్నికైన ప్రతి సభ్యుడూ, సభ్యురాలూ, పిల్లలు ఇళ్లకు వెళ్లాక ఒక్కొక్కరే వస్తారు. తలుపు బయట నాలుగు పాత స్క్రూల బెజ్జాలు చూసి ఇవేమిటనుకుంటారు. లోపలికొచ్చి తలుపు లాక్కుంటారు. చెయ్యి చెక్కను తడుముతుంది.

నేను దొరుకుతాను.